కొండకి ఇవతల

గవర్నర్‌పేటలో ఆ ఐదంతస్తుల మేడ అమ్ముడుపోయింది.
కొన్నాయనకి పైకప్పు మీద మా ఇనుము అక్కర్లేదు.
నలభై రోజుల గడువిస్తూ ఒక కాగితం,
దానికో మడత, మడతలో టీ మరక.

పదమూడేళ్లు ఆ డాబా మీద నేనున్నాను.
ఏ నట్టు ఏ పానాకి లొంగుతుందో
ఏ వానకి ఏ జాయింటు మూలుగుతుందో నాకు తెలుసు.
మైకు ముందు మాట్లాడేవాళ్ల పేర్లు ఊరందరి నోట్లో ఉంటాయి,
ఆ మాటని ఊళ్లోకి తోసేవాడి పేరు
జీతాల పట్టీలో ఉంటుంది.
పోనీలెండి, చెప్పొచ్చింది అది కాదు.

రాత్రి రెండూ పదికి మీట దించాను.
ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగవు,
కాసేపు అలవాటుకొద్దీ తిరుగుతాయి.
ఇమ్మానుయేలు పైకెక్కి
పెళ్లిపందిరి విప్పినట్టు ఏరియల్ విప్పాడు.
గొట్టాల సందులో గోరింకల పాత గూడు,
అందులో మా తీగముక్కలే, ఒక పాలపాకెట్టు అంచూ.

అప్పుడు మోగింది నా ఫోను.
"బాబూ, మీ రేడియో చచ్చిపోయిందేంటి?"

చిట్టినగర్ కొండ మీది సువార్తమ్మ.
తెల్లారేసరికి పూలమార్కెట్టుకి మూరలు అందాలి,
రెండింటికే లేచి కనకాంబరాలు ముందేసుకుంటుంది.
ఎప్పుడో ఏదో బహుమతి కోసం చేసిన ఫోను నేనెత్తాను.
అప్పట్నుంచి ఆవిడకి స్టేషనంటే నేనే.
"మారుస్తున్నామమ్మా. పొద్దున్నుంచి ఇంకా గట్టిగా వస్తుంది."
ఆ 'ఇంకా గట్టిగా' నాది కాదు,
ఆఫీసు కాగితంలోది.

కొత్త టవరు ఇబ్రహీంపట్నం దాటాక.
మొదటిరోజే మైలవరం పలికింది, నందిగామ పలికింది.
తిరువూరు నుంచి మామిడితోట కాపలాదారొకాయన
పాట కావాలని అడిగాడు.
మేనేజరు కేకు కోయించాడు.
రెండు లక్షల కొత్త చెవులన్నాడు.
జతలు లెక్కేశాడో విడివిడిగా లెక్కేశాడో
నేను అడగలేదు.

ఎఫ్ఎం తరంగానికి మొహమాటం ఎక్కువ.
ఎదురుపడితేనే పలకరిస్తుంది.
కొండ అడ్డమొస్తే చుట్టు తిరిగి
ఇల్లు వెతుక్కుంటూ రాదు.
ఇది నాకు ముందే తెలుసు.
పటంలో కొండకి ఇవతల
ఆకుపచ్చ రంగు పడని చోటు, వేలిగోరంత.
"అక్కడెవరున్నారయ్యా వినేవాళ్లు?" అన్నారు.
నేనూ చెప్పలేదు.

నాలుగోరోజు మీటరు భుజానేసుకుని మెట్లెక్కాను.
ఆవిడ గడప దగ్గర గరగర,
పెనం మీద నీళ్లు చల్లినట్టు.
కిటికీలో గరగర. అటక మీద గరగర.
సువార్తమ్మ నా వెనకే, వేలికి దారం చుట్టుకునే,
"ఇక్కడ? పోనీ ఇక్కడ?"
పొరుగింటి రోలు దాటి, ఆరేసిన లుంగీలు దాటి
ఒక్కో మెట్టూ ఎక్కాం.
తొమ్మిదో మెట్టు పక్కన
కార్పొరేషన్ నీళ్లట్యాంకు మూత మీద
ముల్లు లేచింది.

పాట కాదు, వార్తలు కాదు. వంటనూనె ప్రకటన.
చేత్తో నన్ను ఆగమని
ఆవిడ అది చివరిదాకా వింది.

మేం ఇరవై కిలోమీటర్లు జరిగాం,
లారీ, క్రేను, కేకు.
ఆవిడ తొమ్మిది మెట్లు జరిగింది,
ఒక గోనెపట్టా, ఒక బుట్ట, మంచుకి తలగుడ్డ.
రిపోర్టులో దానికి గడి లేదు.
ఫిర్యాదులు అన్నచోట సున్నా చుట్టాను.

నిన్న తెల్లారుజామున మళ్లీ ఫోను.
నేను టవరు కింద, ఆవిడ ట్యాంకు మీద.
"గాలికి దారం నిలవట్లేదు బాబూ."
కాసేపాగి,
"ఆ మాట్లాడే పిల్లకి జలుబు చేసినట్టుంది.
పాలల్లో మిరియాలు వేసుకోమని చెప్పు."

చెప్తానన్నాను.
స్టూడియో ఇక్కడ లేదని
ఇప్పుడు ఆవిడకెందుకు.